ఇంటి డబ్బాలమీద తెలుగు అక్షరము

స్టిక్కర్లను అచ్చువేసి, వేసిన చోటనే ఆకారమునుబట్టి కత్తిరించి యిచ్చు యంత్రములు మన నగరమున సుల్తాన్‌పేట, అవెన్యూ రోడ్డు ప్రాంతములలోని అచ్చుపనివారి యొద్ద నేడు విరివిగా పనిచేయుచున్నవి. పూర్వము వేయి ప్రతులకు తక్కువయిన వేయమని చెప్పెడి పని ఇప్పుడు ఒక్క కాగితమునకు కూడ జరుగుచున్నది. ఈ సౌలభ్యమును చూచి, మనవారిలో కొందరు సంఘము పేరిట వాహనములకు అంటించుకొను స్టిక్కర్లను చేయింపవలెనని కోరుచున్నారు. వారి యుత్సాహమును మేము తక్కువ చేయము. కాని ఆ యంత్రముచేత మనము చేయించుకొనవలసిన మొదటిపని వేరొకటి కలదని మా అభిప్రాయము. తెలుగు అక్షరము మన వాహనములమీద లేకున్నను నష్టము లేదు. మన యిండ్లలోపల లేకపోవుటయే నష్టము. ఆ విషయమునే ఈ వారము చదువరుల ముందుంచుచున్నాము.

బెంగుళూరులోని తెలుగు కుటుంబములలో పెక్కు నిన్న మొన్న వచ్చినవి కావు. పేటలలోను, వ్యాపారవీథులలోను మూడు నాలుగు తరములుగా, కొన్ని అంతకు పూర్వమునుండియు స్థిరపడినవి. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో కర్ణాటకమున తెలుగును మాతృభాషగా చెప్పినవారు నూటికి ఇంచుమించు ఆరుగురు. అనగా 35 లక్షలకు పైబడినవారు. కన్నడము, ఉర్దూ తరువాత మూడవ స్థానము మన భాషదే. ఇంతమంది నోట బ్రతికియున్న భాషకు ఎన్ని యిండ్లలో అక్షరము బ్రతికియున్నదని ప్రశ్నించుకొనినచో, సమాధానము చెప్పుటకు మనసు రాదు. అవ్వతో చక్కగా తెలుగున ముచ్చటించు మనుమరాలు, ఆ అవ్వ వ్రాసిన చీటీని చదువజాలదు. త్యాగరాజస్వామి కృతులను కన్నడలిపిలో అచ్చయిన పుస్తకములు చూచి పాడు తెలుగు పిల్లలు మనలో పలువురు కలరు. పాట తెలుగే, పలుకు తెలుగే; కన్నులకు మాత్రము తెలుగుతో పరిచయము లేదు.

ఇందుకు కన్నడమును నిందించుట కృతఘ్నత యగును. మనకు అన్నము పెట్టిన నేల యిది. ఆ నేలభాషను మన పిల్లలు బాగుగా చదివి వ్రాయుట మనకు గౌరవము. పాఠశాలలనే నిందించుటయు న్యాయము కాదు. కర్ణాటకమున పదవ తరగతి పరీక్షకు ప్రథమభాషగా తెలుగును తీసికొను అవకాశము నేటికిని కలదు. బోధించు పాఠశాల యింటికి దగ్గరగా లేకపోవుటచేతను, ముందుచదువులనుగూర్చిన ఆలోచనచేతను, తల్లిదండ్రులు వేరుమార్గము పట్టుచున్నారు. అసలు కారణము మరింత చిన్నది. ఇంటిలో తెలుగు చదువవలసిన పని లేకపోయినది. ఉత్తరములు పోయినవి. దుకాణపు పద్దులు పోయినవి. సరకుల చీటీ చేతిఫోనులోనికి చేరినది. అందులో కందిపప్పు ఆంగ్లాక్షరములలో వ్రాయబడుచున్నది. ఒక అక్షరము మాయమగుటకు ఎవరును దానిని నిషేధింపనక్కరలేదు. దానితో పని లేకున్న చాలును.

కావున పిల్లవాని కంటికి తెలుగుతో దినమునకు పదిమార్లు పని కల్పింపవలెను. అట్టి చోటు మన యింట ఒకటే మిగిలియున్నది, అది వంటగది. అక్కడ కందిపప్పు డబ్బాను మినప్పప్పు డబ్బానుండి వేరుచేసి గుర్తింపవలసిన అవసరము ప్రతి పూటయు కలుగును. ఆ డబ్బామీద ఒక తెలుగు మాట యున్నచో, దానిని ఎవరును పాఠమని అనుకొనరు. కాని కన్ను దానిని చదువుచునే యుండును.

స్టిక్కరు మన యిండ్లకు క్రొత్త కాదు. వెనుకజిగురు గల బొట్టుబిళ్ళగా అది మన స్త్రీల నుదుటికెక్కి చాలకాలమైనది. స్నానపుగది అద్దముమీద అంటియున్న పాతబొట్టులు లేని తెలుగిల్లు అరుదు. డబ్బాలమీద పేర్లు వేయుటయు క్రొత్త కాదు. ఇత్తడి బిందెలమీదను, స్టీలు పాత్రలమీదను దుకాణములోనే పేర్లు చెక్కించుకొనుట మన పెద్దల యలవాటు. పెండ్లికి పెట్టిన పాత్రమీద ఇచ్చినవారి పేరు, తేది చెక్కియుండెడివి. పాత సామానుల గదిలో వెదకినచో, తెలుగున పేరు చెక్కిన పాత్ర ఒకటి రెండయినను పలువురి యిండ్లలో దొరుకవచ్చును. మేము కోరునది ఆ యలవాటునకు క్రొత్తరూపమే.

జిగురుచీటీ పుట్టుక కథయు ఇల్లు, వంటిల్లు ఎరిగిన కథయే. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమున స్టాంటన్ ఏవరీ యనునతడు 1935లో, తనకు కాబోవు భార్యయు ఉపాధ్యాయినియు నగు డొరొతీ డర్ఫీ ఇచ్చిన 100 డాలర్ల అప్పుతో ఈ పని మొదలుపెట్టెను. బట్టలుతుకు యంత్రపు మోటారును, కుట్టుమిషను భాగములను కలిపి, జిగురుచీటీలను కత్తిరించు యంత్రమును కూర్చెను. అచ్చు, కత్తిరింపు అను రెండు పనులను ఒకే యంత్రమున కలుపుట తరువాతి మాట. జపానులోని రోలండ్ డీ.జీ. సంస్థ 1990ల దశకమున అట్టి యంత్రములను తెచ్చెను. ఈ కలయిక రాకమునుపు, కత్తిరించుటకు ఇనుప అచ్చు వేరుగా చేయింపవలసివచ్చెడిది. ఆ వ్యయము భరింపవలెనన్న వేలకొలది ప్రతులు వేయక తప్పెడిది కాదు. అందుచేత స్టిక్కరు కంపెనీల సొత్తుగా నుండెను. ఇప్పుడు కత్తికి దారి చూపునది ఇనుము కాదు, కంప్యూటరులో గీసిన గీత. గీతను మార్చుటకు వ్యయము లేదు. ఒక కుటుంబమునకు కావలసిన ఇరువది మాటలు ఆ కుటుంబమునకే వేయించుకొనగలుగుట ఇందుచేతనే సాధ్యమైనది.

పని జరుగు విధమును కొంచెము తెలిసికొనినచో అచ్చుపనివానితో మాటలాడుట సులభమగును. స్టిక్కరు వస్తువునకు మూడు పొరలుండును: పైన కాగితమో వినైల్ అను ప్లాస్టిక్ పొరయో, నడుమ జిగురు, అడుగున జిగురు పట్టని నున్నని కాగితము. యంత్రము మొదట పైపొరమీద రంగులు అచ్చువేయును. పిమ్మట ఆ కాగితమునే వెనుకకు లాగుకొని, సన్నని కత్తితో గీతవెంబడి కోయును. పైపొర, జిగురు తెగి, అడుగుకాగితము తెగక నిలిచినచో దానిని మన అచ్చుపనివారు హాఫ్ కట్ అందురు. కత్తి యొత్తిడి తక్కువయిన చీటీ ఊడిరాదు. ఎక్కువయిన అడుగుకాగితము కూడ తెగి, చీటీలు చెదరును. కావున మొత్తము పని ఆరంభించుటకు ముందు ఒక మూల చిన్న గుండ్రని కోత కోయించి చూడుడని అడుగుట మంచిది.

వంటగది చీటీలకు పైన లామినేషను వేయించుట అవసరము. లేనిచో నూనెచేతి రాపిడికి రంగు చెడును. రంగు ఆరకమునుపు లామినేషను వేసినచో పొర లేచును. అందుచేత ఒక దినము ఆగుమని అచ్చుపనివాడు చెప్పిన, ఆలస్యము చేయుచున్నాడని కోపపడరాదు. లామినేషను వేరుగా వేసి మరల యంత్రములో పెట్టునప్పుడు, కాగితపు మూలలయందు అచ్చయిన నల్లని గుర్తులను యంత్రపు కన్ను చూచి, కత్తిని సరియైన చోటికి తెచ్చుకొనును. చీటీ యంచున రంగున్నచో, ఆ రంగును కోతగీతకు వెలుపల రెండు మిల్లీమీటర్లు పొడిగింపవలెను. లేనిచో కోత ఒక వెండ్రుకవాసి తప్పినను తెల్లని అంచు బయటపడును. ఇంటిలోనే చేసికొన దలచినవారికి, మామూలు ప్రింటరుతో అచ్చువేసి, సిల్హౌట్, క్రికట్ వంటి చిన్న కోతయంత్రములలో పెట్టి కోయు పద్ధతియు కలదు. అక్కడను ఆ మూలగుర్తులే ఆధారము.

ఇంతవరకు అన్ని భాషలకును సమానమే. తెలుగు దగ్గర మాత్రము ప్రత్యేకముగా చూచుకొనవలసినవి కొన్ని కలవు. కత్తికి అక్షరము తెలియదు. దానికి తెలిసినది గీత యొక్కటే. మన లిపిలో ఒత్తులు అక్షరమునుండి విడిగా క్రింద కూర్చుండును. వాహనములకు వేయు రేడియం స్టిక్కర్లవలె అక్షరములనే విడివిడిగా కోయించినచో, అనవసరమైన పొరను ఒలిచివేయు సమయమున ఒత్తు కూడ దానితో లేచిపోవచ్చును. అప్పుడు ఉప్పు కాస్త ఉపు అగును. ఠకారపు కడుపులోని చుక్క పోయిన అది రకారమగును, పాఠము పారమగును. థకారపు చుక్క పోయిన కథ కధ యగును. ధకారము క్రింది చిన్నగీత రాలిపోయిన ధనియాలు దనియాలగును. అక్షరము నేర్చుకొను పిల్లవాని ముందు ఇట్టి తప్పు నిలుపుట కంటె ఏమియు నిలుపకుండుటే మేలు. కావున చిన్న చీటీలకు అక్షరములను కోయింపరాదు. తెల్లని లేక పసుపుపచ్చని నేలమీద అక్షరములను అచ్చువేయించి, మాట మొత్తమునకు చుట్టు ఒకే గీతగా కోయింపవలెను. ఒత్తులు, చుక్కలు అన్నియు నేలమీదనే భద్రముగా నుండును.

పెద్ద అక్షరములను విడిగానే కోయింపదలచినవారు మరియొకటి చూచుకొనవలెను. కంప్యూటరు తెలుగులో గుడి, కొమ్ము, ఏత్వము మొదలయిన గుర్తులు హల్లుమీద ఒకదానిపై నొకటి పడునట్లు కూర్పబడియుండును. చూచుటకు ఒక్కటే యక్షరము. గీతలుగా మార్చినప్పుడు రెండు ఆకారములు ఒకదానినొకటి దాటుచుండును. కత్తి ఆ రెండింటిని వేరువేరుగా కోసి, అక్షరపు నడుమ గాటు పెట్టును. కోరల్‌డ్రాలో వెల్డ్ అను పనిచేసి ఆ రెంటిని ఏకము చేయించిన పిదపనే కోతకు పంపవలెను.

ఫాంటు విషయమున చిక్కు వేరు. మన నగరములోని అచ్చుపనివారి కంప్యూటరులలో కన్నడమునకు నుడి మొదలగునవి సిద్ధముగా నుండును. తెలుగు చాలచోట్ల ఉండదు. మనము పంపిన ఫైలును తెరచినపుడు తెలుగు ఫాంటు లేనిచో ఖాళీ గళ్ళు కనబడును. సాఫ్టువేరు పాతదయిన ఒత్తులు విడిపోయి, ప్రక్కప్రక్కన పొల్లులతో కూర్చుండును. అందుచేత ఫైలును ఇచ్చుటకు ముందే అక్షరములను గీతలుగా మార్చి యియ్యవలెను. కర్వ్స్ చేసి యిచ్చితిమని చెప్పిన అచ్చుపనివారికి అర్థమగును. రామభద్ర, మండలి, మల్లన్న, సూరన్న, పెద్దన వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఎవరైనను ఉచితముగా, వ్యాపారమునకు సయితము, వాడుకొనదగిన అనుమతితో నేడు లభించుచున్నవి. అచ్చుపనివాడు కన్నడిగుడైన భయపడనక్కరలేదు. తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలు. గ, ద, ర, ల, మ వంటి పెక్కు అక్షరములు ఆతనికి పరిచితములే. తలకట్టు వేరు, క, త, శ వంటివి వేరు. ప్రూఫును మాత్రము మనమే చదువవలెను. ఆ బాధ్యతను ఎవరిమీదను నెట్టరాదు.

ఇక మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట. ఇన్ని ఫాంట్లుండగా, ఇంటి చీటీలకు ఫాంటు వాడవద్దని మా సలహా. మన యిండ్లలో తెలుగు వ్రాయగల చేతులు ఇంకను కొన్ని యున్నవి. అవి అవ్వలవి, తాతలవి. వారిలో పలువురు డెబ్బది ఏండ్లు దాటినవారు. వారి వ్రాతను ఇప్పుడు పట్టుకొననిచో తరువాత దొరుకదు. ఈ యంత్రమునకు ఫాంటు, చేతివ్రాత యను భేదము లేదు. కాగితముమీద అవ్వ వ్రాసిన మెంతులు అను మాటను గీతగా మార్చి యిచ్చిన, అట్లే అచ్చువేసి, అట్లే కోసి యిచ్చును. ఆమె వ్రాతలోని గుండ్రదనము, ఆమె ఏత్వము తిప్పు తీరు, ఆమె ఒత్తు జార్చు తీరు, అన్నియు డబ్బామీద నిలుచును. పదేండ్లు గడచిన పిమ్మట మనుమరాలు ఆ చీటీని చూచినపుడు, ఆమెకు కనబడునది ఒక వస్తువు పేరు మాత్రమే కాదు.

ముగ్గులను తలచుకొనుడు. గడపముందు అంటించు ముగ్గు స్టిక్కర్లు వచ్చిన తరువాత, పిండిని వ్రేళ్ళనడుమ జారవిడిచి చుక్కలు కలుపు విద్య మన యిండ్లలో తగ్గిపోయినది. అక్కడ స్టిక్కరు చేతిని తొలగించినది. ఆ వస్తువే మన మనసు పెట్టి వాడుకొనినచో చేతిని నిలుపగలదు. ఏ పని చేయించుకొనవలెనో నిర్ణయించువారము మనము.

వ్రాయించు పద్ధతి సులభము. గీతలు లేని తెల్లకాగితము, మందమైన నల్లని స్కెచ్ పెన్ను చాలును. అక్షరము అంగుళము ఎత్తున వ్రాయింపవలెను. పెద్దదానిని చిన్నదిగా చేసిన అందము చెడదు, చిన్నదానిని పెద్దదిగా చేసిన వణకు కనబడును. మాటకు మాటకు నడుమ రెండు వ్రేళ్ళ యెడము విడువవలెను. స్కానరు ఉన్నచో 600 చుక్కల నాణ్యతతో తీయవచ్చును. లేనిచో పగటి వెలుతురున, నీడ పడకుండ, పైనుండి నిలువుగా ఫోటో తీసిన చాలును. కంప్యూటరులో దానిని ట్రేస్ చేసి గీతగా మార్చుట మన యువకులలో పలువురికి ఐదు నిమిషముల పని. చేయి వణకుచున్నదని పెద్దలు సంకోచింపవచ్చును. వణకును దిద్దవద్దని యువకులకు మా మనవి. తప్పును దిద్దవలెను, వణకు తప్పు కాదు.

ఏ మాటలు వ్రాయింపవలెనన్న, ఇంటిలో పలుకు మాటలనే వ్రాయింపవలెను. పుస్తకములో ఉల్లిపాయ యని యున్నదని, తరతరములుగా ఎర్రగడ్డ యనుచున్న యింట ఉల్లిపాయ యని వ్రాయుట యేల? తెల్లగడ్డ, ఉర్లగడ్డ, చెనిక్కాయ, అలసంద యనునవి మన మాటలు. కోస్తావారు బొబ్బర్లు అందురు. మనము అలసందలందుము, కన్నడిగులును ఇంచుమించు అట్లే అందురు. మన తెలుగు ఈ నేలమీద పెరిగినదనుటకు అదియొక సాక్ష్యము. దానిని గూర్చి సిగ్గుపడనక్కరలేదు. ఈ మాటలు నిఘంటువులలో చాలచోట్ల మాండలికములని ఒక మూలను కూర్చుండును. మన డబ్బాలమీద అవి నడుమ కూర్చుండవచ్చును.

ఒక ఏ4 కాగితముమీద 60 మిల్లీమీటర్ల పొడవు, 25 మిల్లీమీటర్ల ఎత్తు గల చీటీలు, నడుమ నాలుగేసి మిల్లీమీటర్ల యెడముతో, అడ్డముగా మూడు, నిలువుగా తొమ్మిది, మొత్తము 27 పట్టును. మూలగుర్తులకును చోటు మిగులును. అందు 24 చీటీలలో పెద్దలు వ్రాసిన మాటలుండవలెను. కందిపప్పు, మినప్పప్పు, ఉప్పు అనువానిలో పకారపు ఒత్తు, బెల్లములో లకారపు ఒత్తు, జీలకర్రలో రకారపు ఒత్తు, ఇంగువ, చింతపండులలో సున్న, ఆవాలలో ఆకారము, ఎండుమిరపకాయలలో ఎకారము, ధనియాలలో ధకారము. వంటింటి సరకులతోనే అక్షరమాలలో సగము నేర్పవచ్చును. మిగిలిన మూడు చీటీలను ఖాళీగా విడువవలెను. ఆ మూటిని ఇంటి పిల్లలే తమ చేతితో వ్రాయవలెను. వ్రాత వంకరయైనను ఆ చీటీని తప్పక అంటింపవలెను. పెద్దల చీటీల ప్రక్కనే అంటింపవలెను. ఖాళీ చీటీకి మాత్రము లామినేషను వేయింపరాదు; దానిమీద కలము పట్టదు.

డబ్బాల పేర్లు చదివిన మాత్రమున పిల్లలు తెలుగు చదువరులగుదురా యని కొందరు ప్రశ్నింపవచ్చును. కారు. గ్రంథము చదువుటకు గురువు కావలెను, అభ్యాసము కావలెను. కాని అక్షరముతో ముఖపరిచయము లేని పిల్లవానిని ఆదివారపు తరగతికి పిలిచిన, మూడవ వారము రాడు. ముప్పది మాటలను చూచినంతనే గుర్తింపగల పిల్లవాడు తరగతికి వచ్చిన, తనకు తెలిసిన చోటికి వచ్చినట్లు కూర్చుండును. చీటీలు చేయునది ఆ మొదటిమెట్టు పని. అంతకుమించి వానినుండి ఆశించుట లేదు.

ప్లాస్టిక్కు విషయమున శ్రద్ధ వహింపవలెను. 2022 జూలై 1 నుండి కేంద్రప్రభుత్వము నిషేధించిన వస్తువులలో 100 మైక్రానులకు తక్కువ మందము గల పీవీసీ బ్యానర్లు చేరియున్నవి. స్టిక్కర్లు ఆ పట్టికలో లేవు. అయినను సాధారణపు వినైల్ ఆ పీవీసీయే. అందుచేత తడి, నూనె తగులు డబ్బాలకు మాత్రమే వినైల్ వాడి, పుస్తకములకు, అలమరలకు కాగితపు స్టిక్కర్లు వాడుట మంచిది. అంటించుటకు ముందు డబ్బాను సబ్బునీటితో కడిగి, పొడిబట్టతో తుడువవలెను. తీసివేయవలసివచ్చిన, మిగిలిన జిగురును కొబ్బరినూనె రాచి తుడిచిన పోవును.

అప్పడములు, ఊరగాయలు చేసి అమ్ము సోదరీమణులు మనలో కలరు. వారికి ఒక మాట. అమ్మకపు చీటీకి నియమములు వేరు. 2020వ సంవత్సరపు ఆహారపదార్థముల చీటీల నిబంధనల ప్రకారము తప్పనిసరి వివరములు ఆంగ్లమునగాని దేవనాగరిలో హిందీయందుగాని ఉండవలెను. వేరొక భాషను అదనముగా చేర్చుకొనవచ్చును. పేరు కన్నడమునను, తెలుగునను కూడ వేయించిన, ఇరుగుపొరుగువారికిని మనవారికిని మర్యాదగా నుండును. ఆహారశాఖవారి అనుమతిసంఖ్య, తూకము, తయారుచేసిన తేది, శాకాహారపు ఆకుపచ్చ గుర్తు మొదలయిన వివరములను అందముకొరకు తొలగింపరాదు.

వాహనముల మాటకు మరల వత్తము. వాహనముమీది స్టిక్కరు దారిన పోవువారికి మనమెవరమో చెప్పుటకు. డబ్బామీది చీటీ మనమెవరమో మనకు గుర్తుచేయుటకు. నంబరుపలకమీద అలంకారములు అంటించుట నిబంధనలకు విరుద్ధమని వేరుగా చెప్పనక్కరలేదు. వీథిలో కన్నడమునకు అగ్రస్థానముండుట న్యాయము. 2024లో సవరింపబడిన కన్నడభాషా సమగ్రాభివృద్ధి చట్టము దుకాణముల పేరుపలకలలో నూటికి 60 పాళ్ళు కన్నడమునకు కేటాయించినది. దానిని మనము మనఃపూర్వకముగా పాటింతము. వీథిలో తెలుగు తగ్గినదని వగచుచు, ఇంటిలోపల తెలుగును మనమే తగ్గించుకొనుట మాత్రము తగదు. వంటింటి డబ్బామీద ఏ లిపి యుండవలెనో ఏ చట్టమును చెప్పలేదు. అక్కడ తెలుగు లేనిచో, ఆ లోపము పూర్తిగా మనదే.

సంఘము ఒక యంత్రమును కొనవలెనన్న సూచనను మేము బలపరుపము. సిరాయంత్రములు నిత్యము నడచుచుండవలెను; వారములకొలది ఊరక యుంచిన సిరా ఎండి, అచ్చుతల పూడుకొనిపోవును. దానిని బాగుచేయించు వ్యయము మనకు భారము. మన పనిని సుల్తాన్‌పేట అచ్చుపనివారికే యిచ్చి, సంఘము తనకు తగిన పనిని తాను చేయవలెను. నెలకొక ఆదివారము పెద్దలను కూర్చుండబెట్టి మాటలు వ్రాయించుట, యువకులచేత వానిని గీతలుగా మార్పించుట, ఒత్తులు చుక్కలు తెలిసినవారు ఒకరు ప్రూఫు చూచుట, పది కుటుంబముల కాగితములను ఒక్కసారిగా అచ్చుకు పంపుట: ఇవి నాలుగు పనులు. పెద్దలు వ్రాసిన అసలు కాగితములను కుటుంబముల పేర్లతో సంఘపు గ్రంథాలయమున భద్రపరచిన, అది యొక సంపదగా మిగులును.

చదువరులు ఈ వారము ముందుగా చేయదగిన పని యొకటి కలదు. ఇంటిలో తెలుగు వ్రాయగల పెద్దలెవరున్నారో చూచి, వారి ముందు ఒక తెల్లకాగితము, ఒక నల్లకలము ఉంచుడు. ఇరువది నాలుగు మాటలు వ్రాయుమని కోరుడు. యంత్రము వచ్చే వారమును ఉండును, వచ్చే యేడును ఉండును. అది చేయగల పని ఎప్పుడైనను చేయును. ఆ వ్రాత మాత్రము ఇప్పుడే కావలెను.